చలి వెళ్లిపోయే వేళ కషాయాలు, తలంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయిన దగ్గర్నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మూసేదాకా, మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద నన్ను ఆపి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. "అక్కా, ఆ ధనియాల కాఫీలో ఏమేం వేస్తారు?" అని మొదలై "మా మామయ్యగారికి బీపీ ఉంది, ఇవ్వొచ్చా?" దాకా వస్తాయి. నేను డాక్టర్ని కాదు. మల్కాజిగిరిలో పాతికేళ్ల కాపురం, ఆయుర్వేదం చదివిన ఆడపడుచు, ఎసిడిటీతో వేగే మొగుడు. నా చదువంతా వీళ్లిద్దరి మధ్యే సాగింది. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

చలి తగ్గిపోతోంది కదా, ఇప్పుడు కషాయాలు మొదలుపెట్టడమేంటి?

మొదలుపెట్టడం కాదు, తగ్గించుకుంటూ రావడం. ఈ తేడా తెలియకే చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

మాఘం, ఫాల్గుణం శిశిర ఋతువు. ఆయుర్వేదం లెక్కలో చలికాలమంతా ఒంట్లో కఫం పేరుకుంటుంది, వసంతంలో ఎండ తగలగానే అది కరుగుతుంది. పేరుకున్న నెయ్యి గిన్నెను కిటికీలో ఎండకు పెట్టినట్టన్నమాట. ముక్కు కారడం, గొంతులో గరగర, తిన్నది అరగక బద్ధకం అప్పుడే వస్తాయి. ఇంకో మాట కూడా చెబుతారు. చలికాలంలో జఠరాగ్ని బాగా ఉంటుంది కాబట్టి ఏది తిన్నా అరుగుతుంది, ఎండ పెరిగేకొద్దీ ఆ అగ్ని మందగిస్తుంది. ఇది శాస్త్రం చెప్పే భాష, ఇవాళ్టి వైద్యం కఫాన్ని ఇలా చూడదు. కానీ ఫిబ్రవరిలో ఇంటికొకరు దగ్గుతుండటం మాత్రం ఏ శాస్త్రం లేకుండానే వినిపిస్తుంది.

ఒక ఋతువులో చివరి ఏడు రోజులు, తర్వాతి ఋతువులో మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అంటారు. ఆ రోజుల్లో పాత అలవాటును కొంచెం కొంచెంగా వదలాలి, కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పట్టుకోవాలి అని ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం చెబుతుంది. మన పంచాంగం ప్రకారం చూస్తే ఉగాదికి అటు వారం, ఇటు వారం. నేనైతే శివరాత్రి నుంచే తగ్గించడం మొదలుపెడతాను. చలి శివశివా అని వెళ్లిపోయేది అప్పుడే కదా.

హైదరాబాద్ చలి కూడా ఒక చలేనా?

ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మనది సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న రాతి నేల, గాలిలో తేమ తక్కువ. అందుకే ఫిబ్రవరిలో తెల్లవారుజామున పాలు తెచ్చుకోవడానికి స్వెట్టర్ కావాలి, మధ్యాహ్నం మూడింటికి ఫ్యాన్ కావాలి. ఒకే రోజులో రెండు కాలాలు. ఈ కింద చెప్పే వేడి పానీయాలన్నీ పొద్దున్న, లేదా సాయంత్రం చీకటి పడ్డాక తాగడానికే. మధ్యాహ్నం పన్నెండింటికి మిరియాల కషాయం తాగి "వేడి చేసింది" అంటే తప్పు మిరియాలది కాదు.

రోజూ తాగడానికి తేలికైనది ఒకటి చెప్పండి.

ధనియాల కాఫీ. కాఫీ గింజ ఉండదు, పేరుకే కాఫీ. దీనికి పొడి ఒకసారి చేసి పెట్టుకుంటే నెల వస్తుంది.

ధనియాలు నాలుగు పెద్ద చెంచాలు, జీలకర్ర ఒక పెద్ద చెంచా, మిరియాలు ఒక టీ చెంచా, శొంఠి వేలెడంత కొమ్ము, యాలకులు నాలుగు. శొంఠిని ముందు కల్వంలో దంచుకోండి. కొమ్ము కొమ్ముగా మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది, శొంఠి మాత్రం నలగదు. తర్వాత మూకుడు సన్నసెగ మీద పెట్టి ధనియాలు వేయండి. ఇక్కడ కంటిని నమ్మకండి, ధనియాలు రంగు మారేసరికే ఆలస్యమైపోతుంది. మొదట పచ్చివాసన, తర్వాత ఏ వాసనా తెలియని ఒక నిమిషం, ఆ తర్వాత ఒక్కసారిగా నారింజ తొక్క గిల్లినట్టు కమ్మటి వాసన లేస్తుంది. అప్పుడు జీలకర్ర, మిరియాలు వేసి, జీలకర్ర చిటపటమనగానే మూకుడు దించేసి గింజలన్నీ పళ్లెంలోకి వంచేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతుంది. చల్లారాక శొంఠి, యాలకులు కలిపి బరకగా పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. మరీ మెత్తగా వద్దు, వడకట్టేటప్పుడు జల్లెడలోంచి జారి గ్లాసు అడుగున బురదలా మిగులుతుంది.

తాగేటప్పుడు గ్లాసున్నర నీళ్లలో ఒక టీ చెంచా పొడి వేసి, గ్లాసు అయ్యేదాకా మరగనిచ్చి, వడకట్టి, కొంచెం కాచిన పాలు, చిన్న బెల్లం ముక్క. పాలు లేకుండా తాగినా బాగుంటుంది, కఫం ఎక్కువగా ఉన్నవాళ్లకు అదే మంచిదని మా ఆడపడుచు అంటుంది.

ఫిబ్రవరి సగం దాటాక పొడి కొత్తగా చేస్తే మిరియాలు సగానికి తగ్గించండి, ధనియాలు ఇంకో చెంచా పెంచండి. తగ్గించుకుంటూ రావడమంటే ఇదే.

అల్లం టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. పాలవాడిని మార్చాలా?

పాలవాడిని తిట్టకండి, పాపం. పచ్చి అల్లంలో మాంసకృత్తులను తెగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. గోరువెచ్చని పాలలో పచ్చి అల్లం దంచి వేస్తే అది పాలను విరిచేస్తుంది. నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిస్తే ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, ఆ తర్వాత పాలు పోసినా ఏమీ కాదు. కాబట్టి వరస ఇది: నీళ్లు, అల్లం, బాగా మరగడం, టీ పొడి, చివర పాలు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు ఇదే గుణాన్ని వాడుకుని అల్లం రసంలో వేడి పాలు పోసి, జున్నులా తోడుకున్నాక చెంచాతో తింటారట. మనకు కావలసింది టీ కాబట్టి మనం మరిగించుకోవాలి.

బెల్లం టీ విరగడానికి కారణం వేరు. బెల్లంలోని పులుపు, ఉప్పులు మరిగే పాలతో పడవు. పొయ్యి కట్టేసి, ఒక్క నిమిషం ఆగి బెల్లం కలపండి.

శొంఠి, అల్లం ఒకటే కదా, ఏది ఉంటే అది వేయొచ్చా?

ఒకే మొక్క, కానీ ఒకే ఘాటు కాదు. పచ్చి అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్ ఎండినప్పుడు కొంత షోగాల్‌గా మారుతుంది, షోగాల్ ఘాటు ఇంకా ఎక్కువ. అందుకే అల్లం నాలుక మీద చురుక్కుమంటుంది, శొంఠి గొంతు దిగాక కూడా వెచ్చగా ఉంటుంది. శొంఠి లేని కషాయం లేదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అన్నం సయించనప్పుడు, భోజనానికి ముందు నాలుగు ఉప్పు రాళ్లతో చిన్న పచ్చి అల్లం ముక్క నమలడం వేరే సంగతి, దానికి అల్లమే కావాలి. కషాయంలో శొంఠి బదులు అల్లం వేస్తే మాత్రం కొంచెం ఎక్కువే పడుతుంది.

2020లో కరోనా అప్పుడు కేంద్ర ఆయుష్ శాఖ చెప్పిన కషాయం కొలతలు ఏమిటి?

తులసి ఆకులు నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు పాళ్లు, శొంఠి రెండు పాళ్లు, మిరియాలు ఒక పాలు. ఈ పొడి మూడు గ్రాములు, 150 మి.లీ. మరిగిన నీళ్లలో, రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు. అంతే. ఇంకోసారి చదవండి: ఒకటి లేదా రెండుసార్లు. మిరియాలు అన్నిటికన్నా తక్కువ, తులసి అన్నిటికన్నా ఎక్కువ.

ఆ ఏడాది మనలో ఎంతమందిమి ఈ లెక్క పాటించాం? మా ఇంట్లో అయితే ఫ్లాస్కు నిండా కాచి పెట్టి, టీవీలో వార్త వచ్చినప్పుడల్లా ఒక కప్పు. కొలతా లేదు పాడూ లేదు, గుప్పెడు మిరియాలు, రెండు అల్లం కొమ్ములు. పది రోజులకు మా ఆయనకు నోరు పూసింది, మజ్జిగ అన్నం తప్ప ఏదీ మింగలేకపోయాడు. తర్వాత ఛాతీలో మంట మొదలై రాత్రిళ్లు రెండు దిళ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయాడు. మా ఆడపడుచు ఫోన్లో, "వదినా, అది మందు కదా, సాంబారులా తాగిస్తే ఎలా?" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకో మాట. కషాయం జలుబు వైరస్‌ను చంపదు. గొంతుకు హాయినిస్తుంది, ముక్కు కాస్త తెరుచుకుంటుంది, చలికి నీళ్లు తాగని మనిషి ఒంట్లోకి ఒక గ్లాసు వేడి నీళ్లు వెళ్తాయి. నా దృష్టిలో ఇది చిన్న ఉపకారమేమీ కాదు.

తులసిని ఎంతసేపు మరిగించాలి?

అసలు మరిగించకండి. తులసి, వామాకు లాంటి ఆకుల్లో గుణం ఎక్కువగా సువాసన నూనెల్లోనే ఉంటుంది, అవి ఆవిరితో ఎగిరిపోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే కప్పులో ఏమీ మిగల్లేదని అర్థం. శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క లాంటి గట్టి సరుకును మరిగించి, పొయ్యి కట్టేశాక ఆకులు చిదిమి వేసి, ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచండి.

పసుపు పాలలో మిరియాలు ఎందుకు?

పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, వచ్చింది వచ్చినట్టే వెళ్లిపోతుంది. మిరియాల్లోని పైపెరిన్ అలా వెళ్లిపోకుండా ఆపుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపితే అది రక్తంలోకి చేరడం ఇరవై రెట్లు పెరిగిందని తేలింది. అయితే మనం పాలలో వేసే పావు చెంచా పసుపులో కర్క్యుమిన్ ఉండేదే చాలా తక్కువ. కాబట్టి అద్భుతాలు ఆశించకండి, రాత్రి గొంతు నొప్పికి గ్లాసుడు వేడి పాలు హాయిగా ఉంటాయి, అంతవరకే.

పసుపు, రెండు మూడు దంచిన మిరియాలు పాలు పొంగే ముందే వేసి, సన్నసెగ మీద ఐదు నిమిషాలు కాగనివ్వండి. చివర్లో చల్లితే పచ్చివాసన వస్తుంది, పిల్లలు ముక్కు మూసుకునేది ఆ వాసనకే.

తేనె ఎప్పుడు కలపాలి?

కప్పు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనకుండా, హాయిగా గటగటా తాగేంత చల్లారాక. తేనెను వేడి చేయకూడదని ఆయుర్వేదం గట్టిగా చెబుతుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ వద్దు, ఇది ఆయుర్వేదం మాట కాదు, పిల్లల డాక్టర్ల మాట. బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పుట్టిన పాపకు తేనె నాకించే ఆచారం ఉన్న ఇళ్లలో కొంచెం గట్టిగా నిలబడాల్సి వస్తుంది, నిలబడండి.

షుగర్ ఉన్నవాళ్లు బెల్లం వేసుకోవచ్చా?

బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. రంగు చూసి మోసపోవద్దు. తీపి లేకుండా తాగడం అలవాటు చేసుకోండి, యాలకులు కొంచెం ఎక్కువ వేస్తే నాలుకకు తీపి భ్రమ కలుగుతుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఓపికగా చదవండి.

బీపీ ఉన్నవాళ్లు అతిమధురం దగ్గర ఆగాలి. దగ్గు కషాయాల్లో, గొంతు బిళ్లల్లో ఇది ఉంటుంది, తీపిగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రోజుల తరబడి తీసుకుంటే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. మెట్ల మీద అడిగిన ఆ మామయ్యగారికి నేను చెప్పింది ఇదే: ధనియాల కాఫీ తాగండి, అతిమధురం మాత్రం డాక్టరును అడక్కుండా వద్దు.

రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు పసుపు మాత్రలు, పసుపు గాఢంగా ఉండే కషాయాలు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు కూడా అంతే. కూరలో వేసే పసుపు గురించి టెన్షన్ అక్కర్లేదు.

మిరియాలు కొన్ని మందులను రక్తంలో మామూలుకన్నా పెంచుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి ఇచ్చే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి ఇచ్చే థియోఫిలిన్ అలాంటివే. చారులో మిరియాలు ఫరవాలేదు, రోజూ కషాయం, త్రికటు చూర్ణం అయితే అడగాలి. త్రికటు అంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, మూడూ ఘాటే.

దాల్చినచెక్క. మన కిరాణా కొట్లో దొరికే మందమైన, గట్టి చెక్క ఎక్కువగా కాసియా. దానిలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకొద్దీ పొడి తింటే కాలేయానికి మంచిది కాదు. చుట్టలా పల్చటి పొరలు పొరలుగా ఉండి, వేళ్లతో నలిపితే పొడయ్యేది సిలోన్ చెక్క. కషాయంలో వారానికోసారి చిన్న ముక్క వేసేవాళ్లకు ఈ తేడా పెద్ద విషయం కాదు, షుగర్ తగ్గుతుందని రోజూ పొడి మింగేవాళ్లకు పెద్ద విషయమే.

గర్భిణులు అల్లం టీ వరకు సరే, మిగతా మూలికలన్నీ తమ డాక్టరును అడిగాకే. నోరు పూసినవాళ్లు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు, మొలలతో రక్తం పడేవాళ్లు ఘాటు కషాయాల జోలికి వెళ్లొద్దు. వాళ్లకు జీలకర్ర నీళ్లు చాలు.

పిల్లలకు ఎంత ఇవ్వొచ్చు?

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, మానేయండి. దానిలోని బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే తిండిపదార్థాల్లో దాన్ని నిషేధించారు. కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ల లోపు పిల్లలకు పూయకూడదు. బడికెళ్లే పిల్లలకు కషాయం కన్నా మిరియాల చారు అన్నం మేలు, నెయ్యి వేసి, వేడివేడిగా. మా వాడు పదో తరగతి దాకా దాన్ని "బ్రౌన్ సూప్" అని తాగాడు, నేనేమీ సరిదిద్దలేదు.

మరి ఇరానీ చాయ్?

ఇరానీ చాయ్‌లో మసాలా ఉండదు. డికాక్షన్ విడిగా, పాలు విడిగా గంటల తరబడి మరిగి కప్పులో కలుస్తాయి. ఒంటికి వెచ్చదనమే గానీ దగ్గుకు మందు కాదు. అయినా ఫిబ్రవరి పొద్దున్నే ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటూ తాగేవాడికి ఆరోగ్యం గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఈ ఊళ్లో చలికి పాతబస్తీ వాళ్ల జవాబులు వేరే ఉన్నాయి. తెల్లారకముందే పాయా, నహారీ లాంటి మాంసం పులుసులు. దగ్గుకు జోషాందా అనే యునానీ కషాయం. జలుబుకు రెండు చుక్కల జిందా తిలిస్మాత్, అది 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ ఇక్కడే మొదలుపెట్టింది, నీలగిరి తైలం ప్రధానంగా ఉంటుంది. మా అత్తగారు జీవితాంతం ఆయుర్వేదం తప్ప ఒప్పుకోలేదు, దిండు కింద మాత్రం ఆ సీసా ఉండేది.

తలంటు ఎలా, ఎప్పుడు?

చలికి, పొడిగాలికి చర్మం తెల్లగా గీరుకుపోయే ఈ రోజుల్లో నూనె స్నానానికి మించింది లేదు. నువ్వుల నూనె నాలుగైదు చెంచాలు గిన్నెలో తీసుకుని, ఆ గిన్నెను వేడి నీళ్ల చెంబులో పెట్టండి. పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు, ఎంత వేడెక్కిందో తెలియదు. ఒళ్లంతా పట్టించే తీరిక లేకపోతే తల, చెవులు, పాదాలు మాత్రం వదలొద్దని శాస్త్రం. నూనె గిన్నె పట్టుకుని ఫోను చూస్తూ కూర్చోవద్దు, గట్టిగా మర్దన చేస్తే పది నిమిషాల్లో ఒళ్లే వెచ్చబడుతుంది. అరగంట ఆగి స్నానం. ఒంటికి వేడి నీళ్లు, తలకు గోరువెచ్చనివి. తల మీద బాగా వేడి నీళ్లు పోస్తే జుట్టుకు, కళ్లకు మంచిది కాదని పాతవాళ్లు అప్పుడే చెప్పారు.

జలుబు చేసినప్పుడు, అజీర్తిగా ఉన్నప్పుడు తలంటు వద్దు. ఇది నా మాట కాదు, కఫం పట్టినవాళ్లకు అభ్యంగం, అంటే నూనె మర్దన, కూడదని అష్టాంగ హృదయంలోనే ఉంది. ముక్కు కారుతుంటే "నూనె పెడితే తగ్గుతుంది" అని అమ్మమ్మలు బలవంతపెడతారు. ఈ ఒక్కదానికి అమ్మమ్మ మాట వినక్కర్లేదు.

కషాయంలో మిరియాలు తగ్గించినట్టే ఇక్కడా. మాఘంలో నూనె ఎక్కువ, సున్నిపిండి తక్కువ. ఫాల్గుణం వచ్చేసరికి నూనె తగ్గించి సున్నిపిండితో గట్టిగా రుద్దుకోవడం. పెసరపిండి, శనగపిండి సమానంగా, చిటికెడు పసుపు, ఎండబెట్టిన నారింజ తొక్కల పొడి. ఈ నెలల్లో నాగపూర్ నారింజలు బండ్ల మీద గుట్టలుగా ఉంటాయి, తొక్కలు పారేయకండి.

స్నానం అయ్యాక బాత్రూం నేలను డిటర్జెంట్‌తో కడగడం మర్చిపోవద్దు. నూనె మరకల మీద కాలు జారి నేను మూడు వారాలు చేతికి కట్టుతో తిరిగాను, ఆయుర్వేదం పుస్తకాల్లో ఈ జాగ్రత్త లేదు.

ఆవిరి పట్టడం, ముక్కులో నూనె సంగతేంటి?

ఆవిరికి ఉత్త నీళ్లు చాలు, ఐదు నుంచి పది నిమిషాలు. గిన్నెను బల్ల మీద ఆనించి పెట్టండి, ఒళ్లో పెట్టుకోవద్దు, పక్కన పసిపిల్లలు ఉండకూడదు.

ముక్కు లోపల ఎండిపోయి మండుతుంటే చిటికెన వేలితో కొంచెం నువ్వుల నూనో, నెయ్యో పుటాల లోపలి అంచుకు పూస్తే చాలు. బండి మీద ఆఫీసుకెళ్లేవాళ్లకు, మెట్రో పిల్లర్ల కింద దుమ్ము మింగేవాళ్లకు ఇది నిజంగా హాయి. పడుకుని చుక్కలు చుక్కలుగా పోసుకునే నస్యం మాత్రం వైద్యుడి దగ్గరే చేయించుకోండి, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కష్టం. జలనేతి, అంటే నీళ్లతో ముక్కు లోపల కడుక్కోవడం, చేసేవాళ్లు కుళాయి నీళ్లు వాడకూడదు, మరగకాచి చల్లార్చినవే వాడాలి.

తిండిలో ఏం మార్చుకోవాలి?

రాత్రి పెరుగు మానండి, పగలు పల్చటి మజ్జిగ తాగండి. సంక్రాంతికి చేసిన అరిసెలు ఇంకా డబ్బాలో ఉంటే పనిమనిషికో, వాచ్‌మన్‌కో ఇచ్చేయండి, నువ్వులు, బెల్లం, నూనె కలిసిన బరువు తిండి డిసెంబరు, జనవరి అగ్నికి సరిపోయింది గానీ ఇప్పుడు అరగదు. ఉలవచారు ఇంకో నెల తినొచ్చు, తర్వాత వేడి చేస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక నిద్ర, అది వేసవికి తప్ప మిగతా కాలాల్లో కఫాన్ని పెంచుతుందంటారు. ఆదివారాలు నేనూ పాటించలేను.

సరుకు ఎక్కడ కొనాలి? కల్తీ ఎలా తెలుస్తుంది?

ఎక్కువ మొత్తంలో అయితే బేగం బజార్, ఉస్మాన్‌గంజ్. సికింద్రాబాద్ వైపు వాళ్లకు మోండా మార్కెట్. పొడులు కొనకండి, గింజలు, కొమ్ములు కొనుక్కుని ఇంట్లో దంచుకోండి, సగం కల్తీ అక్కడే తప్పుతుంది. మిరియాలు నీళ్లలో వేస్తే మంచివి మునుగుతాయి, కల్తీకి కలిపే బొప్పాయి గింజలు తేలుతాయి. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచితే, మంచిది అడుగుకు చేరి నీళ్లు లేత పసుపుగా ఉంటాయి, రంగు కలిపింది నీళ్లంతా ముదురు పసుపు చేస్తుంది. శొంఠి కొమ్ము మరీ తెల్లగా మెరుస్తుంటే సున్నం పూశారేమో చూసుకోండి, గోటితో గీకితే తెలుస్తుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

జ్వరం మూడు రోజులు దాటితే, ఆయాసం వస్తే, పిల్లికూతలు వినిపిస్తే, పసిపిల్లలు పాలు తాగడం మానేస్తే ఆ రోజే వెళ్లండి. దగ్గు రెండు వారాలు దాటితే గళ్ల (కఫం) పరీక్ష చేయించుకోవాలి, క్షయ కోసం ప్రభుత్వం పెట్టిన గీత అది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే చేస్తారు. కషాయంతో ఆ రెండు వారాలను రెండు నెలలు చేయొద్దు. ఆయుర్వేద వైద్యుణ్నే కలవాలంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది, యునానీ కావాలంటే చార్మినార్ పక్కనే నిజామియా ఆస్పత్రి. రెండు చోట్లా ఉదయమే వెళ్లండి, మీరు వాడే ఇంగ్లీషు మందుల చీటీ తప్పకుండా తీసుకెళ్లండి.

ఇంతకీ కషాయం ఎప్పుడు పూర్తిగా ఆపాలి?

తేదీ ఉండదు, గుర్తులుంటాయి. పొద్దున్న లేవగానే దుప్పటి తన్నేస్తున్నారా? కషాయం రెండో గుక్కకే చెమట పడుతోందా? వీధిలో కుండలమ్మే బండి వచ్చిందా? అయితే ఆపేయండి. అప్పటికి రోజుకు రెండు కప్పులు ఒకటై, ఆ ఒకటి రోజు విడిచి రోజై ఉండాలి, మీరు సరిగ్గా తగ్గించుకుంటూ వచ్చి ఉంటే.

మిగిలిన ధనియాలు పారేయకండి. వేయించనివి రెండు చెంచాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పిండి వడకట్టుకుని కొంచెం పటికబెల్లంతో తాగితే అది చలవ. ధాన్యక హిమం అని దాని పేరు. మా వంటింట్లో ధనియాల డబ్బా ఏడాదంతా కింది అరలోనే ఉంటుంది, ఉగాది పచ్చడి రోజున శొంఠి డబ్బా మాత్రం పై అటక ఎక్కుతుంది.